పదహారో కొక్కెం

నమోదు 6,118

ఉతికి ఆరబెట్టిన తొడుగులు ఇరవై రెండు. చిల్లు ఒకటి, మోకాలి దగ్గర, అతికించాను. కొక్కేలన్నిటికీ నూనె పెట్టాను. రాయమల్లు ఈరోజు కూడా ఆలస్యం చేశాడు.

తొడుగుల గది పుస్తకంలో చిల్లుల సంగతీ నూనె సంగతీ తప్ప మరేమీ రాయకూడదని నియమం. నేను ఈ గదికి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఆ నియమాన్ని పాటించిన రోజు ఒక్కటి లేదు. నా పేరు గొట్టె ఓదెమ్మ. నోరు పెద్దదంటారు. అననీ.

రాయమల్లు నా జోడీ. అరవై ఆరేళ్ళ మనిషి. చంద్రుడి మీద ఉన్న మా సోపతి ఊళ్ళో ఎవరి తొడుగు వాళ్ళు వేసుకోలేరు. కొక్కేలన్నీ వీపు మీదే ఉంటాయి, నడుము నుంచి మెడ దాకా పదహారు. ఒకరు వీపు తిప్పి నిలబడాలి, ఇంకొకరు బిగించాలి. పదహారో కొక్కెంలో ఒక చీల ఉంటుంది. బిగించిన మనిషి ఆ చీల పీకి తన జేబులో వేసుకుంటుంది. మళ్ళీ అదే చీల పెడితే తప్ప ఆ తొడుగు ఊడదు. అందుకని ఆ మనిషి తలుపు దగ్గరే ఉండాలి, బయట మంచు కొట్టే మనిషితో రేడియోలో మాట్లాడుతూ, అతను తిరిగి వచ్చేదాకా. సగం షిఫ్టు అతను బయట, నేను తలుపు దగ్గర. మిగతా సగం నేను బయట. ఊళ్ళో పిల్లలు కాక రెండు వందల పన్నెండు మందిమి, నూట ఆరు జోడీలం.

ముప్పై నాలుగేళ్ళు మంచు కొట్టే యంత్రం పట్టుకున్న చేతులు కదా, రాయమల్లు వేళ్ళు కొంకర్లు పోయాయి. నాకు కొక్కేలు పెట్టడానికి ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలు తీసుకుంటున్నాడు. నా కూతురు జమున ఆరు నిమిషాల్లో పెడుతుంది.

“జెర ఆగరాదే, ఏళ్లు నా మాట ఇంటలెవ్వు,” అన్నాడు ఇవాళ.

“నువ్వే ఎవ్వల మాట ఇనవు, ఇగ నీ ఏళ్లేం ఇంటయన్నా,” అన్నాను.

నవ్వాడు. నవ్వితే చెయ్యి ఆగుతుంది, ఇంకో నిమిషం పోతుంది. నేను అరిచాను, మళ్ళీ నవ్వాడు.

నమోదు 6,121

తొడుగులు పద్దెనిమిది. చిల్లులు లేవు. కింద భూమి మీది నుంచి ఓడ వచ్చింది.

భోజనశాల గోడ మీద మూడు బొమ్మలున్నాయి. ఫూరియే, ఓవెన్, సాన్ సిమోన్. సోపతిని నిలబెట్టిన మాణిక్యం పంతులమ్మ గీయించింది. పేదా గొప్పా తేడా లేని ఊరు కట్టొచ్చని వందల ఏళ్ళ కిందటే కలగన్న మనుషులు. మేం ముగ్గురు తాతలంటాం. వాళ్ళ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద సిద్ధాంతకర్తలు వీళ్ళను గాలిలో మేడలు కట్టినవాళ్ళని తీసిపారేశారని పంతులమ్మ చెప్పేది. గాలే లేని చోట మేడ కట్టుకుని ముప్పై నాలుగేళ్ళుగా బతుకుతున్నాం. ఇప్పుడేమంటారో ఆ సిద్ధాంతకర్తలు, వచ్చి చెప్పమనండి.

వీపు కొక్కేలు సాన్ సిమోన్ తాత శిష్యుల పుణ్యం. వాళ్ళు వెనక గుండీలున్న చొక్కాలు కుట్టించుకున్నారట. పక్కవాడి చెయ్యి లేనిదే పొద్దున చొక్కా కూడా తొడుక్కోలేమని రోజూ గుర్తుండాలని. పంతులమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే తొడుగులన్నీ అలాగే కుట్టించింది. చంద్రుడి మీద ఒంటరిగా బయటికి పోయినవాడు చచ్చినా ఎవరికీ తెలియదు. చీల జేబులో ఉన్న మనిషికి మాత్రం తెలుస్తుంది.

ఫూరియే తాత సంగతి వేరు. తన ఊరు కట్టడానికి డబ్బున్న మారాజు ఎవరో వస్తాడని రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఇంట్లో ఎదురుచూసేవాడట. ఏళ్ళకేళ్ళు. పాపం, ఎవడూ రాలేదు. అందుకని మా భోజనశాలలో పన్నెండు కొట్టగానే వయసులో పెద్దవాళ్ళు లేచి అరుస్తారు, “ఎవలన్న అచ్చిండ్రా?” అని. అందరం ఒక్క గొంతుతో, “ఎవ్వలు రాలే! మనమే వండుకోవాలె!” అని పళ్ళాలు కొట్టి తింటాం. పిల్లలకు ఈ ఆట మహా ఇష్టం.

ఇవాళ రాయమల్లు లేచి “ఎవలన్న అచ్చిండ్రా?” అని అరిచాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

“నేనొచ్చానండీ,” అన్నాడు ఒక పొడుగాటి మనిషి.

ముప్పై నాలుగేళ్ళలో ఆ ప్రశ్నకు ఇలా జవాబు రావడం మొదటిసారి. రెండు వందల మందిమీ పళ్ళాలు పట్టుకుని అలాగే చూశాం. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు, ఇక నవ్వులే నవ్వులు. ఆ మనిషి కూడా నవ్వాడు. అతని పేరు సుధీంద్ర. మా మంచు తీసుకుని, మాకు విత్తనాలూ గాలి యంత్రాల సామానూ పంపే మండలి తరఫున పర్యవేక్షకుడు. ఒక నెలా పది రోజులు మాతోనే ఉంటాడు.

నమోదు 6,123

తొడుగులు ఇరవై. వీటితో పాటు కొత్తవి పన్నెండు వచ్చాయి. వాటికి ముందు వైపు ఒక అతుకు, వేలితో ఇలా లాగితే మూసుకుంటుంది. ఎవరి తొడుగు వాళ్ళే వేసుకోవచ్చు. వాటిని మూలకు వేలాడదీశాను.

సభ జరిగింది. సుధీంద్ర పెట్టెలోంచి అరచేతంత దిమ్మె ఒకటి తీశాడు. నాలుగు ముఖాలు, నాలుగు రంగులు. ప్రతి మంచం మీదా ఒకటి వేలాడుతుందట. బాగా పనిచేసినవాళ్ళకు తెలుపు, ఫర్వాలేదంటే పసుపు, అంతంతమాత్రమైతే నీలం, వెనకబడితే నలుపు. తిట్లుండవు, జరిమానాలుండవు. దిమ్మె దానంతటదే తిరుగుతుంది.

“ఇది నా ఆలోచన కాదండీ,” అన్నాడు, గోడ మీది ఓవెన్ తాతను చూపిస్తూ. “ఆయనది. తన నూలు మిల్లులో ప్రతి పనివాడి పక్కనా ఇలాంటి నాలుగు రంగుల చెక్క వేలాడదీశారు. ఆయన ఊళ్ళో ఉంటూ మీరే దాన్ని వదిలేశారేమిటా అని నాకు ఆశ్చర్యంగా ఉంది.”

అది నిజమే. పంతులమ్మ ఆ చెక్క సంగతి మాకు పాఠంలో చెప్పింది. కింది నుంచి వచ్చిన ఒక చదువుకున్న మనిషి మా తాత పేరు అంత గౌరవంగా చెప్పేసరికి మాకు ఛాతీలు పొంగాయి. మొదట చెయ్యి ఎత్తింది నేనే. రాసుకో ఓదెమ్మా, దాచకుండా రాసుకో. లేచి నిలబడి, “మన తాత వస్తువు మన ఇంటికస్తుంటే వద్దంటమా?” అని అరిచింది నేనే. చప్పట్లు కొట్టారు. ఆయన తెచ్చిన ఒప్పంద కాగితం చివరిదాకా ఎవరూ చదవలేదు.

ఇంకే ఊరి వాళ్ళయినా ఆ దిమ్మెను అనుమానంగా చూసేవారు. మేం పూలదండ వేసినంత పని చేశాం.

నమోదు 6,131

తొడుగులు పంతొమ్మిది. చిల్లులు రెండు.

వారం రోజులుగా రాయమల్లు దిమ్మె నలుపే. మంచు కొట్టడంలో వెనకబడలేదు. కొక్కేలు పెట్టే నిమిషాలను దిమ్మె పనిలో లెక్కించదు. తలుపు దగ్గర నిలబడే గంటల్ని అసలే లెక్కించదు.

సుధీంద్ర రోజూ ఈ గదికి వస్తాడు. గడియారం పట్టుకుని మూలన నిలబడి కొక్కేలు చూస్తాడు. మర్యాదస్తుడు. రాయమల్లు కూర్చుని పని చేసుకోవడానికి తనే ఒక ఎత్తు పీట తెచ్చి వేశాడు.

“నూట ఆరుగురు రోజంతా తలుపు దగ్గరే నిలబడుతున్నారండీ,” అన్నాడు నాతో. “ఆలోచించండి, ఎంత వృథా.”

“నిలబడుడు పని గాదా?”

“ఏం ఉత్పత్తి అవుతోంది చెప్పండి?”

“బయటికి పోయినోడు వాపసొస్తుండు,” అన్నాను. “గంతకన్న ఏం గావాలె సారూ?”

ఆయన రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో ఏమో.

నమోదు 6,140

తొడుగులు పన్నెండే. కొత్తవి పన్నెండూ వాడకంలోకి పోయాయి. అందులో ఒకటి నా కూతురు ఒంటి మీద ఉంది.

జమునకు ఇరవై నాలుగేళ్ళు. చేతి చురుకు చూడాలి. కొత్త తొడుగులో ఒక్కతే పోయి ఒక్కతే వచ్చింది, రెండు షిఫ్టుల మంచు తెచ్చింది. దాని దిమ్మె తెలుపు తిరిగింది.

“జోడీ లేకుంట పోతవా? పడితే ఎవలకెర్క?” అని కేకలేశాను.

“ఎన్నడన్న పడ్డనా? నీకు నేను తెల్లగ మెరుస్తుంటే కండ్లు మండుతున్నయా ఏంది?” అంది. కన్నతల్లిని. భోజనశాలలో అందరి ముందు.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నిజం రాస్తున్నాను, ఆ తెలుపు చూసినప్పుడు ఒక్క క్షణం నాకు గర్వం కూడా వేసింది. ఆ దిమ్మె మనసులో ఎక్కడ దూరుతుందో అప్పుడు తెలిసింది.

పంతులమ్మ పాఠం రెండో సగం కూడా ఇవాళే గుర్తొచ్చింది. ఓవెన్ మంచి మనిషి, కూలీ పిల్లలకు బడి పెట్టాడు, పని గంటలు తగ్గించాడు, ఆ చెక్కతో ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. “అయితే బిడ్డా, మిల్లు ఆయనది, చెక్క తిప్పే మనిషి ఆయన మనిషి. కూలీలు ఒక్కరోజన్నా ఆయన చెక్క తిప్పిండ్రా అని అడుగు,” అనేది. అది వినేటప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నానేమో. మొదటి సగం విని చప్పట్లు కొట్టే రకం నేను.

నమోదు 6,144

తొడుగులు ఎన్నో చూడలేదు.

సుధీంద్ర ఇవాళ కాగితం చివరి వాక్యం చదివి వినిపించాడు. నలభై రోజులు పూర్తయ్యేసరికి నలుపు ఎక్కువ వచ్చిన పద్నాలుగు మందిని విశ్రాంతి కోసం కిందికి పంపుతారు. ఓడలో తనది కాక పద్నాలుగు కుర్చీలున్నాయి.

జాబితాలో మొదటి పేరు రాయమల్లుది.

డాక్టరమ్మ అందరి ముందే అతని ఎముకల బొమ్మ తెర మీద పెట్టింది. ముప్పై నాలుగేళ్ళు ఇక్కడ తేలిగ్గా తిరిగిన ఎముకలు జల్లెడలా ఉన్నాయి. కింద ఒంటి బరువు ఆరింతలు. “దిగిన వారంలో తుంటి విరుగుతది. గుండె నెల దినాల్లనే ఆగుతది. ఇది విశ్రాంతి గాదు సార్, సంపుడు,” అంది.

“కింద చాలా మంచి ఆసుపత్రి ఉందండీ,” అన్నాడు సుధీంద్ర. మొహం పాలిపోయింది కానీ మాట మార్చలేదు. “నేను నియమం రాసినవాణ్ణి కాదు. మీరే చేతులెత్తారు.”

రాయమల్లు అన్నం కలుపుకుంటూ, “మంచి ఆసుపత్రట. మంచంల పండుకొని సచ్చుడే గదా, గదేదో ఈడ్నే నిలబడి సస్త,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేను పళ్ళెం తోసేసి ఈ గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. సభలో ఎత్తిన చెయ్యి ఇదే కదా. పంతొమ్మిదేళ్ళు నా ప్రాణం జేబులో పెట్టుకుని కాచినవాణ్ణి నా చేత్తోనే నల్లరంగు కింద నిలబెట్టాను.

నమోదు 6,150

ఏడవడం అయిపోయింది. ఐదు రోజుల నుంచి ఊరంతా రాయమల్లు వేగంతో పనిచేస్తోంది.

నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. అందరూ ఇరవై రెండు నిమిషాలకు ఒక్క నిమిషం తక్కువ కాకుండా కొక్కేలు పెట్టాలి, అతను కొట్టినంతే మంచు కొట్టాలి. అందరూ సమానమైతే దిమ్మె ఎవరిని నలుపంటుంది? ఐదు రోజులూ గది నిండా నవ్వులు. ఆరు నిమిషాల చేతులు ఇరవై రెండు నిమిషాలు పట్టించడం ఎంత కష్టమో! పాటలు పాడుకున్నారు, కొక్కెం కొక్కేనికి మధ్య పాత గొడవలు తవ్వుకున్నారు. కొత్త తొడుగుల పన్నెండుగురు మాత్రం మాతో కలవలేదు.

ఇవాళ రంగులు చూశాం. మళ్ళీ పద్నాలుగు నలుపులు. అర నిమిషం తేడా ఉన్నవాళ్ళూ, అరచేతంత మంచు తేడా ఉన్నవాళ్ళూ. మొదటి పేరు రాయమల్లుదే.

నమోదు 6,155

జమున వచ్చింది. పదిహేను రోజుల తర్వాత నా గదిలో అడుగు పెట్టింది. తొడుగు విప్పి నా ముందు పడేసింది.

“నేను సార్‌ని అడిగిననే. అందరం తెల్లగనే పనిచేస్తే ఏమైతది అన్న. అప్పుడు కూడా పద్నాలుగు మంది ఎనకనే ఉంటరు గదా అన్నడు. రోజుకు పద్నాలుగు నలుపులు ముందే రాసిపెట్టి ఉన్నయట. ఎవరి మీద వాలాల్నో అదొక్కటే లెక్క.” నా పక్కన కింద కూర్చుంది. “అంటే నా తెలుపు పెదనాయిన నలుపు నుంచి అచ్చిందే అమ్మా.”

తిడదామని పంతొమ్మిది మాటలు దాచుకున్నాను. అవన్నీ పక్కన పెట్టాను. దగ్గరికి తీసుకున్నాను.

సాయంత్రానికి మిగతా పదకొండు తొడుగులూ వచ్చి చేరాయి, తెచ్చినవాళ్ళు తలలు దించుకునే తెచ్చారు. పన్నెండింటి ముందు అతుకునూ వేడి ఇనుముతో కాల్చి మూసేశాను. పుస్తకం నియమం ప్రకారం రాస్తున్నాను: పాడైన తొడుగులు పన్నెండు. పాడుచేసింది ఓదెమ్మ. బాగుచేసే ఉద్దేశం లేదు.

నమోదు 6,161

ఇవాళ్టితో నలభై రోజులు. ఓడ నాలుగున్నరకు లేస్తుంది. ఇంకో ఓడ రావాలంటే నాలుగు నెలలు.

రెండు గంటలకు సుధీంద్ర జాబితాతో వచ్చాడు. గదిలోనూ బయట నడవలోనూ ఊరంతా నిలబడి ఉంది. మూల వేలాడుతున్న కొత్త తొడుగుల అతుకులు వేలితో తడిమి చూశాడు.

“ఇవి ఏమయ్యాయండీ?”

“పాడైనయ్.”

“పన్నెండూనా?”

“పన్నెండు.”

ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు. మిగిలిన మంచి కొత్త తొడుగు ఒక్కటే, అది ఆయనదే. “సరే, పాతవే వేయండి. మొదట రాయమల్లు గారు.”

ఎవరూ కదల్లేదు. “కట్టిన చెయ్యే ఇప్పాలె సారూ,” అన్నాను. “వాపస్ రాని మనిషికి ఈ ఊర్ల ఎవ్వలు కొక్కెం పెట్టరు. మమ్ములందర్ని నల్ల రాసుకో, పో.”

“అయితే నేనే బిగిస్తాను,” అన్నాడు. “నాతోనే ఓడ దాకా వస్తారు. ఓడలో నేనే విప్పుతాను. మీ నియమమూ తప్పినట్టు కాదు.”

ఆ సంగతి మాకు తట్టనే లేదు. నలభై రోజులు గడియారం పట్టుకుని మూలన నిలబడ్డ మనిషి. మా కొక్కేలు మాకంటే ఆయనకే బాగా తెలుసు.

అంతకంటే ఘోరం, రాయమల్లు తనంతట తనే తొడుగులో కాళ్ళు దూర్చి వీపు తిప్పి నిలబడ్డాడు.

“ఏందన్నా! గట్ల గొర్రె లెక్క నిలబడ్తివేంది!” అని గొంతు చించుకున్నాను. “నీకు సిగ్గు లేదా? వద్దని ఒక్క మాటనరాదా?”

అతను నా వైపు చూడలేదు. జమున వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంటే మెల్లిగా విడిపించుకున్నాడు. సుధీంద్ర నడుము దగ్గర మొదలుపెట్టి ఒక్క కొక్కెం తప్పకుండా పైకి వచ్చాడు. తొమ్మిది నిమిషాలు. మెడ దగ్గర గాలి కొలిచే ముల్లు పచ్చ గుర్తు మీద ఆగింది. చీల పీకి జేబులో వేసుకుని, తన తొడుగు అందుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

ఆ తిరిగినప్పుడే రాయమల్లు గాలి తలుపు మీట నొక్కి లోపలికి దూరాడు. మా తలుపులో ఒక్క మనిషికే చోటు. తలుపు మూసుకుంది, గాలి పోయింది, అవతలి తలుపు తెరుచుకుంది.

అందరం కిటికీ దగ్గరికి ఉరికాం. ఓడ కుడివైపు, మైలు దూరంలో దీపాలతో నిలబడి ఉంది. రాయమల్లు ఎడమకు తిరిగాడు.

రేడియోలో అతని గొంతు వచ్చింది. “మంచిగ కట్టినవ్ బిడ్డా. మా ఓదెమ్మ కన్న మంచిగ కట్టినవ్.”

“రాయమల్లు గారూ, ఓడ కుడివైపండీ,” అన్నాడు సుధీంద్ర.

“ఎర్కే. నా షిఫ్టు ఎడమ దిక్కున్నది. ఆరు గంటల గాలున్నది నా తాన. షిఫ్టు చేసుకొని అస్త. చీల పైలం, పోగొట్టకు.”

తొడుగు దీపం ఆర్పేశాడు. మంచు గుంటలు ఎప్పుడూ ఎండ తగలని చీకట్లు, మైళ్ళ పొడుగునా ఉంటాయి. ముప్పై నాలుగేళ్ళు అక్కడ తిరిగినవాడు కళ్ళు మూసుకుని నడుస్తాడు. నలభై రోజుల కింద వచ్చినవాడు తొడుగేసుకుని వెంటపడినా పది అడుగులకు బోర్లా పడతాడు. అది సుధీంద్రకూ తెలుసు.

ఆయన చీల జేబులోంచి తీసి నా ముందు చాచాడు. “తీసుకోండి ఓదెమ్మ గారూ. మీ జోడీయే కదా. నాకు ఓడ ఉంది.”

చేతులు ముందుకు పోబోయాయి. పంతొమ్మిదేళ్ళుగా ఆ చీల నా జేబులోనే ఉంది. అది లేకపోతే గాలి అయిపోయాక ఆ మనిషి ఆ తొడుగులోనే చచ్చిపోతాడు, తలుపుకు ఇవతల మేమంతా చూస్తుండగా. ఆ ముసలోడు ఏం చేశాడో అప్పుడు అర్థమయింది. తన ప్రాణం తీసుకెళ్ళి ఈ మనిషి జేబులో పెట్టాడు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు, చెబితే ఒప్పుకోనని తెలుసు.

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆయన జమున వైపు చాచాడు. జమున చేతులు వెనక్కి పోయాయి. డాక్టరమ్మవీ అంతే. గదిలో, నడవలో, ఆ చివర నిలబడ్డ పిల్లల దాకా, రెండు వందల మంది చేతులు వీపుల వెనక్కి పోయాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

“కింద పెట్టేసి వెళ్ళిపోతాను,” అన్నాడు.

“పెట్టు,” అన్నాను.

గొంతు గట్టిగానే పలికింది. అయినా ఇక్కడ అబద్ధం రాయను. ఆయన నిజంగా వదిలేసి ఉంటే అది నేల తాకకముందే అందుకునేదాన్ని, ఓడిపోయేదాన్ని. ఆయనకు ఆ సంగతి తెలియదు. లేక తెలుసేమో, నాకు తెలియదు.

“ఇది బెదిరింపండీ. మీరు ఒక ముసలాయన ప్రాణంతో ఆడుకుంటున్నారు.”

“మేమా? నలభై రోజులు ఆడుకున్నదెవలు? అప్పుడాయన పేరు కాయితం మీదుండె గనుక నీకు బరువు కాలే. ఇప్పుడు చేతిలున్నది. చూడు, ఎంత బరువున్నదో.”

ఆయన పిడికిలి మూసుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. రాయమల్లు కోసం తనే తెచ్చి వేసిన పీట పక్కనే ఉంది, దాని మీద కూడా కూర్చోలేదు. మూడయింది. మూడున్నరయింది. రేడియోలో యంత్రం మంచును కొడుతున్న చప్పుడూ, మధ్యమధ్య రాయమల్లు దగ్గూ వినిపిస్తున్నాయి. ఒకసారి దగ్గు ఎంతకీ ఆగకపోతే సుధీంద్ర రేడియో మీదికి వంగి, “బాగానే ఉన్నారా?” అని అడిగాడు.

“ఆఁ, మంచిగనే ఉన్న. నువ్వుండు.”

నాలుగుంబావుకు ఓడ నడిపే అతను పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి గట్టిగా, “సార్, తలుపు మూస్తున్నాం. పద్నాలుగు మందిలో ఒక్కరూ రాలేదు. మీరూ రాలేదు. ఏమని రాసుకోమంటారు?” అన్నాడు.

సుధీంద్ర పిడికిలి తెరిచి చీల చూసుకున్నాడు. దాని అచ్చు అరచేతిలో ఎర్రగా పడింది.

“నా మనిషి బయట ఉన్నాడండీ,” అన్నాడు. “ఆయన వచ్చేదాకా నేను కదలడానికి లేదు.”

ఓడ పదిహేను ఖాళీ కుర్చీలతో లేచిపోయింది. రాయమల్లు షిఫ్టు పూర్తయ్యాకే లోపలికి వచ్చాడు, రెండు తొట్ల మంచు ఈడ్చుకుంటూ.